కాగితం బరువు

కాగితం తేలిక అనుకుంటారు అందరూ. ఆ గోడౌన్‌లో చేరేవరకు నేనూ అలాగే అనుకున్నాను.

అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పన్నెండేళ్లు చెప్పాక గొంతు పాడైంది. డాక్టరు మాటలు తగ్గించమన్నారు. మాట తగ్గించుకుని చేసే పని ఏముంటుందా అని వెతుక్కుంటుంటే, భవానీపురంలో స్కూలు పుస్తకాలు అచ్చువేసి అమ్మే ఒక సంస్థవాళ్ళు గోడౌన్‌కి స్టోర్స్ ఇన్‌చార్జి కావాలన్నారు. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. చేరిపోయాను.

మొదటిరోజు లోపలికి అడుగుపెట్టినప్పటి వెలుగు ఇప్పటికీ కళ్ళలో ఉంది. రేకుల కప్పు. మధ్యమధ్యలో వెలుతురు కోసం పాలరంగు ఫైబర్ రేకులు వేశారు. ఎండ వాటిలోంచి వడకట్టినట్టు దిగేది. దాని కింద మనిషికి రెండింతల ఎత్తున ఖాకీ కాగితం చుట్టిన పుస్తకాల కట్టలు వరసలు వరసలుగా ఉండేవి. కొత్త కాగితం, సిరా, జిగురు కలిసిన వాసన. ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. నా గొంతుకు అంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నాలు ఆ వరసల మధ్య రిజిస్టరు పట్టుకుని నడుస్తుంటే, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది.

కట్టలు ఎత్తడానికి ఆరుగురు మగవాళ్ళు, ప్యాకింగ్‌కి నలుగురు ఆడవాళ్ళు ఉండేవారు. ప్యాకింగ్‌లో అందరికన్నా పెద్దావిడని మేమంతా అక్కా అనేవాళ్ళం. కట్టలు ఎత్తేవాళ్ళకి ఒక మేస్త్రీ. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేవారు. కంకిపాడు దగ్గర ఊరు. రోజూ బస్సులో వచ్చేవారు. ఆడవాళ్ళు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళు. నేను మాత్రం మేస్త్రీ గారూ అనేదాన్ని. ఆయన నన్ను మేడంగారూ అనేవారు.

ఆయన కట్ట ఎత్తడం చూడటం నాకొక అలవాటైంది. ఒక్కో కట్ట ఇరవై, ఇరవై అయిదు కిలోలుండేది. ఆయన నేరుగా వెళ్ళి ఎత్తేవారు కాదు. ముందు దాని పక్కన నిలబడేవారు. ఎక్కడ పెట్టాలో అటువైపు ఒకసారి చూసేవారు. ఒక మూల పట్టుకుని కాస్త లేపి వదిలేవారు, ఎంతుందో తెలుసుకోవడానికి. తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి కిందికి దిగి, కట్టని పొట్టకి హత్తుకుని, ఎదురుగా చూస్తూ లేచేవారు. పక్కకి తిరగాలంటే నడుము తిప్పేవారు కాదు, పాదాలు జరిపేవారు. చేతిలో కట్ట ఉన్నంతసేపు ఎవరు పిలిచినా పలికేవారు కాదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పేది ఒక్క మాట. "దగ్గరికెళ్ళు."

నేను దాన్ని వింత అలవాటు అనుకున్నాను. అందంగా ఉందనుకున్నాను. అందులో నేర్చుకోవాల్సిందేదో ఉందని మాత్రం అనుకోలేదు.

నేను చేరిన రెండో ఏడు, జూన్ మొదటివారం. స్కూళ్ళు తెరిచే రోజులు. పామర్రు వైపు స్కూళ్ళకి వెళ్ళాల్సిన వ్యాను గేటు దగ్గర నిలబడి ఉంది. సగం లోడయింది. ఉదయం పదకొండుకే మబ్బు కమ్మి, గోడౌన్ లోపల సాయంత్రమైనట్టు చీకటి పడింది. చూస్తుండగానే వాన. రేకుల మీద వాన పడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. బయట డ్రెయిను పొంగి, పక్క షట్టరు కిందనుంచి నీళ్ళు సన్నగా లోపలికి రావడం మొదలైంది.

ఆ షట్టరు దగ్గర నేల మీద, పట్టా పరిచి పెట్టిన కట్టలు పదో పన్నెండో ఉన్నాయి. ఆరో తరగతి సోషల్. మేస్త్రీ, మిగిలినవాళ్ళు అటు చివర వ్యాను దగ్గర ఉన్నారు. పిలిచాను. నా గొంతు వాన దాటి వెళ్ళలేదు. నీళ్ళు పట్టా అంచు దాకా వచ్చేశాయి. పక్కనే ప్యాకింగ్ బల్ల ఉంది. అక్కడికి ఎత్తి పెడితే చాలు కదా అనుకున్నాను.

వంగాను. మోకాళ్ళు వంచలేదు, నడుము వంచాను. దగ్గరికి వెళ్ళలేదు. నీళ్ళలో చెప్పులు తడుస్తాయని దూరంగా నిలబడి, చేతులు చాచి ప్లాస్టిక్ తాడు పట్టుకున్నాను. లాగి ఎత్తాను. పాదాలు కదపకుండా నడుము దగ్గరే తిరిగి బల్ల మీద వేశాను. మొదటి కట్ట బాగానే వెళ్ళింది. రెండోదీ, మూడోదీ కూడా. నాకు నామీద కొంచెం గర్వం కూడా కలిగింది.

నాలుగో కట్టతో తిరుగుతుంటే నడుము లోపల ఏదో జారింది. నొప్పి వెంటనే రాలేదు. ముందు నిశ్శబ్దం వచ్చింది. వాన చప్పుడు ఆగిపోయినట్టయింది. ఆ నిశ్శబ్దంలో నేను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది. తర్వాత చూసుకుంటే చెంప సిమెంటు నేలకి ఆని ఉంది. నీటి గీత ఒకటి నా వైపు పాక్కుంటూ వస్తోంది. దానిమీద ఒక చిన్న కాగితం ముక్క తేలుతోంది. అది నా దాకా వస్తుందా, రాదా అని చూస్తూ పడుకున్నాను. అప్పుడు వచ్చింది నొప్పి.

అక్క కేక వేసింది. ఇద్దరు పరుగున వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు.

"వదలండి! ఎవరూ లేపమాకండి!"

మేస్త్రీ అరవడం నేను వినడం అదే మొదటిసారి. అంత వానలోనూ అది గోడౌన్ అంతా వినపడింది. పట్టుకున్న చేతులు వెంటనే వదిలేశాయి. ఆయన వచ్చి నా తల దగ్గర, ఆ తడి నేల మీదే, బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. నా చెవి దాకా వంగి, అరిచిన మనిషేనా అన్నంత మెల్లగా మాట్లాడారు.

"అమ్మా, తల తిప్పమాకండి. కాళ్ళ వేళ్ళు ఒక్కసారి కదిలియ్యండి."

కదిపాను.

"రెండూ కదిలినయ్. తిమ్మిరేమన్నా ఉందా?"

"ఎడంకాలు... పిక్క దాకా."

"సరే. నే తాకుతున్నా, తెలుస్తందా?"

"తెలుస్తోంది."

"ఇంకేం ఫర్లేదు. కంగారుపడమాకండి. వానకి తొందరగానీ మనకి తొందరేం లేదు."

అంబులెన్సుకి ఫోన్ చేశారు. వానకి రోడ్లన్నీ నీళ్ళు, రావడానికి సమయం పడుతుందన్నారు. నా కింద నీళ్ళు పెరుగుతున్నాయి. మేస్త్రీ నీళ్ళ వైపు ఒకసారి చూసి, ప్యాకింగ్ బల్ల మీది ప్లైవుడ్ చెక్క ఊడదీయించారు. ఎవరెక్కడ నిలబడాలో ఒక్కొక్కళ్ళకీ చెప్పారు. భుజాల దగ్గర ఇద్దరు, నడుం దగ్గర ఇద్దరు, కాళ్ళ దగ్గర అక్క, తల దగ్గర తాను.

"నేను చెప్పిందాకా ఎవరూ కదలమాకండి. మనిషంతా ఒకేసారి తిరగాల. మెడ ఒకసారి, నడుం ఒకసారి కాదు. దుంగ తిరిగినట్టు తిరగాల. అర్థమైందా?"

నన్ను పక్కకి ఒత్తిగిలేలా తిప్పి, చెక్కను కిందికి జరిపి, మళ్ళీ దానిమీదికి వాల్చారు. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని చెక్క అంచులు పట్టుకున్నారు.

"ఒకటి... రెండు... లెగు."

నేను లేచాను. అంటే, నేనేం చేయలేదు. నేల నానుంచి దూరంగా వెళ్ళింది, అంతే. ఒక్క కుదుపు లేదు. రేకుల్లోని ఆ పాలరంగు వెలుగు కొంచెం దగ్గరైంది. ఆరుగురి ఊపిరి ఒక్కటిగా వినపడింది. రెండేళ్ళుగా వేల కట్టలు అలా పైకి లేవడం చూశాను. లోపలి నుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నొప్పి అలాగే ఉంది గానీ, భయం మాత్రం పోయింది.

వ్యానులో ఉన్న కట్టల్నే రెండు వరసలుగా సమానంగా సర్ది, వాటిమీద చెక్కతో సహా నన్ను పడుకోబెట్టారు. తల దగ్గర అక్క, కాళ్ళ దగ్గర మేస్త్రీ కూర్చుని చెక్కను పట్టుకున్నారు. "గుంటలు చూసి పోనియ్" అన్నారాయన డ్రైవరుతో. వెనకాల పట్టా సగం ఎత్తి ఉంది. అందులోంచి నాకు వాన, కరెంటు తీగలు, తడిసిన వేపకొమ్మలు, ఒక మలుపులో బూడిదరంగు కృష్ణా నది కనిపించాయి. నా కింద ఉన్నవి పామర్రు పిల్లల పుస్తకాలు. ఎన్నో ఏళ్ళు నేను పాఠంగా చెప్పిన ఖండాలూ సముద్రాలూ రుతుపవనాలూ అన్నీ నా వీపు కింద కట్టలు కట్టుకుని పడుకున్నాయి. వాటిమీద తేలుతూ వెళ్తున్నాననుకున్నాను. అక్క నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవయసావిడ. స్కానింగ్ చూసి, వెన్నుపూసల మధ్య డిస్కు కాస్త బయటికి జరిగి నరాన్ని నొక్కుతోందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ చెప్పారు.

"ఎంత బరువు ఎత్తారండీ?"

"ఇరవై కిలోల పైన ఉంటుంది."

"ఎలా ఎత్తారు?"

చెప్పాను. చెప్పులు తడుస్తాయని దూరంగా నిలబడ్డానన్న మాట కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. బల్లమీదున్న ఫైలు తీసి, ముందు గుండెకి ఆనించి పట్టుకున్నారు. తర్వాత చేతులు చాచి పట్టుకున్నారు. "చూశారా, ఈ ఫైలే ఇలా పట్టుకుంటే కాసేపటికి బరువైపోతుంది. దూరమయ్యేకొద్దీ ఆ బరువంతా నడుము మీద పడుతుంది. దానికి తోడు మీరు తిరిగారు కూడా" అన్నారు. నాకు మేస్త్రీ చెప్పే ఒక్క మాట గుర్తొచ్చింది. రెండేళ్ళుగా ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది.

మా ఇల్లు రెండో అంతస్తు. మంచం కిటికీ పక్కన వేశారు మా ఆయన. పక్క మేడల సందులోంచి కృష్ణ ఒక అరచేయంత కనపడుతుంది. మందుల మత్తులో పగలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో తెలిసేది కాదు. ఆ అరచేయంత నది పొద్దున్న తెల్లగా, మధ్యాహ్నం ఏ రంగూ లేకుండా, సాయంత్రం రాగి చెంబులా ఉండేది. దాన్నిబట్టే నాకు టైము. తరచూ ఒకే కల వచ్చేది. గోడౌన్ నిండా నీళ్ళు. కట్టలన్నీ తేలుతుంటాయి. అందరూ మొలలోతు నీళ్ళలో నిలబడి, వేలితో ఒక్కో కట్టని నెడుతుంటారు. అవి ఒకదాని వెనక ఒకటి షట్టరు దాటి, వీధిలోకి, కాలవలోకి, పొలాల మీదుగా ఎక్కడికో వెళ్ళిపోతుంటాయి. ఎవరికీ ఏ నొప్పీ ఉండదు. మెలకువ రాగానే నా నడుము నాకు గుర్తుచేసేది.

నాలుగోరోజు నుంచి ఫిజియోథెరపీ ఆవిడ ఇంటికి వచ్చేది. మొదట నేర్పింది మంచం మీదినుంచి లేవడం. పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో పరుపుని నెట్టి కూర్చోవాలి. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని, లేవడం నేర్చుకున్నాను. తర్వాత నాలుగడుగులు. తర్వాత గుమ్మం దాకా. "పడుకునే ఉంటే తగ్గదండీ, కొంచెం కొంచెం కదలాలి" అనేదావిడ. గుమ్మం దాకా వెళ్ళిన రోజు ఊరు దాటి వచ్చినంత అలసిపోయి నిద్రపోయాను.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం మేస్త్రీ, అక్క వచ్చారు. ఆయన చేతిలో తాటాకులో చుట్టిన ముంజలు. "ఆఖరి ముంజలమ్మా, ఇంక దొరకవు" అన్నారు. అక్క వాటిని వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరం కాసేపు నదివైపు చూశాం.

"బాబాయ్ గారూ," అన్నాను. ఆ పిలుపు నాకు తెలియకుండానే వచ్చింది. "ఆ రోజు నన్ను లేపద్దని అంత గట్టిగా ఎందుకు అరిచారు?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. చెప్పరేమో అనుకున్నాను.

"మా అన్న ఉన్నాడమ్మా," అన్నారు. "నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఇద్దరం కంకిపాడు దగ్గర రైసుమిల్లులో ధాన్యం బస్తాలు మోసేవోళ్ళం. లారీకి బల్ల వాల్చి, దానిమీద నడిచి ఎక్కియ్యాల. అప్పుడు బస్తా అంటే ఇప్పటి బస్తా కాదు, మనిషంత బరువు. మావోడు మిల్లులో అందరికంటే బలమైనోడు. ఎవురన్నా వచ్చి ఓ చెయ్యి ఏత్తామన్నా ఒప్పుకునేవోడు కాదు. సిగ్గు. ఒకరోజు మంచు పడి బల్ల తడిగా ఉంది. సగం ఎక్కి జారాడు. బస్తా మీద పడింది."

ఆయన తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచారు.

"బస్తా తీసేశాం. 'నాకేం కాలా, లేపరా' అన్నాడు. నేను చంకల్లో చేతులేసి లేపేశా. ఒక్కణ్ణే. ఇట్టా, ఒక్క గుంజు. లేపినాక కాళ్ళు నిలబళ్ళా. ఇంక నిలబళ్ళా. పడినందుకు పోయినయ్యో, నేను లేపినందుకు పోయినయ్యో తెలవదు. డాక్టర్లు చెప్పలా. నేనూ అడగలా."

"మీ అన్నయ్యని అడిగారా?"

"ఎట్టా అడుగుతానమ్మా?"

అక్క గిన్నెలో ముంజలు ఒలిచి తెచ్చింది. ముగ్గురం తిన్నాం. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక నేను గోడ పట్టుకుని ఇంటి లోపలే మొదటిసారి ఒక పూర్తి చుట్టు నడిచాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ పనిలోకి వెళ్ళాను. మొదటి వారంలోనే మా ఓనరు గారితో మాట్లాడాను. మంచివారే గానీ ఎప్పుడూ ఏదో తొందరలో ఉంటారు.

"కట్టలు చిన్నవి చెయ్యాలండీ. ఇప్పుడు పెట్టే పుస్తకాల్లో సగమే ఒక కట్టకి. నేల మీద పెట్టకుండా మోకాలి ఎత్తున చెక్క స్టాండ్లు వేయిద్దాం. వ్యాను దాకా చక్రాల బండి కావాలి. తల కన్నా ఎత్తున ఏదీ పెట్టొద్దు."

"ఇన్నేళ్ళ నుంచి ఇట్టాగే జరుగుతంది కదమ్మా. ఎవరికీ ఏం కాలేదు, నీకు తప్ప."

"ఒక గంట గోడౌన్‌లో కూర్చోండి సార్. ఏమీ చెయ్యొద్దు, ఊరికే చూడండి. ఎవరికీ ఏం కాలేదనే అప్పుడూ అనిపిస్తే నేనింక అడగను."

ఆయన నిజంగానే వచ్చి కూర్చున్నారు. ఫోను కూడా ఆపేశారు. మొదట ఊరికే చూశారు. తర్వాత, అక్క కట్ట దించిన ప్రతిసారీ వెనక్కి చెయ్యి పెట్టుకుని నడుము నొక్కుకోవడం గమనించారు. ఒకతను కుడిభుజానికి బరువు తగలకుండా కట్టని ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకోవడం గమనించారు. గంట కాకముందే లేచి, "అందరికీ ఉంది కదమ్మా ఏదో ఒకటి. చెప్పరేం వీళ్ళు?" అన్నారు. నాకు జవాబు తెలుసు, కానీ అది మేస్త్రీ ఇంటి సంగతి. చెప్పలేదు.

స్టాండ్లు వచ్చాయి. కట్టలు చిన్నవయ్యాయి. చక్రాల బండి కూడా వచ్చింది. నీలం రంగు, కొత్తగా మెరుస్తూ. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పదిరోజులకి దాని పిడికి అన్నం క్యారియర్లు వేలాడాయి. అందరికన్నా దూరంగా ఉన్నది మేస్త్రీయే. ఆయన పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా దానివైపు చూసేవారు కాదు.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"ఏం లేదమ్మా. బండి వచ్చినాక మేం దేనికీ అని."

ఏం చెప్పినా పాఠం చెప్పినట్టే ఉంటుందని ఊరుకున్నాను. పని చక్కబడింది నా వల్ల కాదు. ఒకరోజు అక్క క్యారియర్లు తీసి పక్కన పెట్టి, బండి మీద తన ఎత్తు దాకా కట్టలు పేర్చి, ముందు నిలబడి వెనక్కి నడుస్తూ దాన్ని లాగడం మొదలుపెట్టింది. పై కట్టలు ఊగుతున్నాయి. మేస్త్రీ చూశారు. తల తిప్పుకున్నారు. మళ్ళీ చూశారు. ఇంక ఆగలేకపోయారు.

"లాగమాకు! నెట్టు! ముందేముందో కనపడొద్దా? పైన అన్ని పేర్చావు, నీ కంటికి అడ్డం రాలా? బరువైనయ్ కిందేసుకో!"

"నాకేం తెలుసు బాబాయ్, నువ్వు చూపిచ్చు," అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

ఆయన కట్టలన్నీ దించి మళ్ళీ పేర్చారు. బండి వెనక నిలబడి, చేతులు నడుము ఎత్తున ఉంచి, ఒళ్ళు కాస్త ముందుకి వాల్చి నెట్టారు. బండి చప్పుడు లేకుండా కదిలింది. ఆయన ముఖంలో ఒక ఆశ్చర్యం కనిపించింది. వ్యాను దాకా వెళ్ళి, ఖాళీ బండితో వచ్చి, ఇంకో వరస ఎక్కించుకున్నారు. సాయంత్రానికి ఆ బండిని ఇంకొకళ్ళు ముట్టుకోవాలంటే ఆయన్ని అడగాల్సి వచ్చింది.

తర్వాత రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆయనే అందరికీ చూపించేవారు. ఖాళీ అట్టపెట్టెతో మొదలుపెట్టేవారు. ఓనరు గారు కూడా ఒకరోజు వచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ళు వంచి పెట్టె ఎత్తారు. ఆడవాళ్ళు ఆపుకోలేక నవ్వారు. ఆయనా నవ్వారు. మేస్త్రీ మాటల్నే నేను పెద్ద అక్షరాలతో గోడ మీద రాశాను. ముందు చూడు, దగ్గరికెళ్ళు, మోకాళ్ళు వంచు, ఒంటికి హత్తుకో, పాదాలతో తిరుగు. చివర, బరువైతే ఇంకొకరిని పిలువు అని రాస్తుంటే వెనకనుంచి ఆపారు.

"అది కాదమ్మా. పిలవటానికి సిగ్గుపడమాకు, అని రాయండి. పిలవాలని అందరికీ తెలుసు."

అలాగే రాశాను.

మరుసటి జూన్‌లో పామర్రు స్కూళ్ళ పుస్తకాల లిస్టులో ఏదో తేడా వచ్చింది. అక్కడికే వెళ్ళి సరిచూడాల్సి వచ్చింది. వ్యానులో డ్రైవరు పక్కన నేను, ఆ పక్కన మేస్త్రీ. కాలవలకి నీళ్ళు అప్పుడే వదిలారు. ఎర్రటి కొత్తనీరు రోడ్డు పక్కనే మాతో పాటు నడుస్తోంది. కంకిపాడు దాటబోతుంటే ఆయన డ్రైవరు భుజం తట్టారు.

"ఒక్క నిమిషం ఆపు అబ్బాయ్. మేడంగారిని మా అన్నోసారి చూడాలన్నాడు."

నేనేం అడగలేదు. ఒక చిన్న సందులోకి నడిచాం. రేకుల వసారా కింద చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ముందు బల్లనిండా విప్పిన మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు. వాటిని బాగుచేసి ఇవ్వడమే ఆయన పని. చేతులు పెద్దవి, తమ్ముడి చేతుల్లాగే. వేళ్ళ మధ్య మాత్రం సన్నటి స్క్రూ ఒకటి జాగ్రత్తగా పట్టుకుని ఉన్నారు.

"కూర్చో తల్లీ. నిన్ను మావోడు లేపాడంట కదా. ఎట్టా లేపాడో చెప్పు."

చెప్పాను. నీళ్ళూ, ప్లైవుడ్ చెక్కా, వ్యానూ, అన్నీ. ఆయన స్క్రూ పక్కన పెట్టి విన్నారు.

"ఎంతమంది పట్టారు?"

"ఆరుగురు."

"తలకాయ దగ్గర?"

"బాబాయ్ గారే."

ఆయన తమ్ముడి వైపు చూశారు. "చేతులు వణికినయ్యా?"

"లేదు," అన్నారు మేస్త్రీ, నేల చూస్తూ.

"నన్ను లేపినప్పుడు వణికినయ్‌రా. అది బాగా గుర్తు నాకు."

వసారాలో ఒక ఫ్యాను దానంతటదే నెమ్మదిగా తిరుగుతోంది, రిపేరైనది కాబోలు.

"నువ్వు రాకముందే పోయినయ్‌రా కాళ్ళు," అన్నారు అన్నగారు. "బస్తా పడ్డప్పుడే తెలిసింది నాకు. నడుం కిందంతా ఎవురో తీసుకుపోయినట్టయింది. భయమేసి లేపమన్నా. నిలబడితే వత్తయ్యేమో అని."

"మరి చెప్పలేదేంది అన్నా ఇన్నేళ్ళు?"

"నువ్వడగలా. నీకు తెలుసనుకున్నా."

మేస్త్రీ వసారా స్తంభాన్ని పట్టుకుని నెమ్మదిగా గట్టు మీద కూర్చున్నారు. ముఖం తువ్వాల్లో పెట్టుకున్నారు. అన్నగారు కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ వచ్చి, తమ్ముడి వీపు మీద చెయ్యి వేశారు. నేను బయటికి వచ్చి సందు చివర నిలబడ్డాను. ఎవరి ఇంట్లోనో తాలింపు వేశారు. డ్రైవరు హారన్ కొట్టబోతే వద్దని చెయ్యి చూపించాను.

పామర్రు దాకా ఆయన బయటికే చూస్తూ కూర్చున్నారు. రెండు వైపులా నారుమళ్ళు, అప్పుడే మొలకెత్తిన లేత పచ్చ. స్కూల్లో పుస్తకాలన్నీ దించి, లిస్టు సరిచూసి, హెడ్మాస్టరు గారిచ్చిన మజ్జిగ తాగాం. తిరుగుదారిలో మేస్త్రీ వెనక ఖాళీ వ్యానులో పట్టా పరుచుకుని పడుకున్నారు. నిద్రపోయేముందు ఒక మాట అన్నారు. "రేపు సెలవు పెడతానమ్మా. అన్న దగ్గరుంటా."

కాలవగట్టు వెంట వ్యాను వెళ్తోంది. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పొడవుగా పడుకుంది. గుంటలు చూసి నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకి చెప్పాను.